ధ్వనికి తొడిగిన అలంకారం

మానవుడు తన చేతికి అందిన ధ్వని సాధనాన్ని ఏనాడూ బోసిగా ఉంచలేదు. వీణ దండి చివర యాళి ముఖాన్ని చెక్కాడు. ఆలయంలో మోగించే చేతిగంట పిడిపై నందిని, గరుత్మంతుణ్ణి, ఆంజనేయుణ్ణి నిలిపాడు. డోలుకు రంగురంగుల కుచ్చులు కట్టాడు. కొమ్ముబూరకు లోహపు కట్లు వేశాడు. నిజానికి ఈ అలంకారాల వల్ల నాదానికి అదనంగా చేకూరే మాధుర్యమేమీ లేదు. యాళి ముఖం లేని వీణ కూడా పలుకుతుంది. నంది లేని గంట కూడా మోగుతుంది. అయినా మానవుడు ఆ శ్రమను మానుకోలేదు.

ఎందుకు మానుకోలేదన్న ప్రశ్నకు ఆ చేతిగంటే కొంత సమాధానం చెబుతుంది. పిడిపై నంది ఉంటే అది శివాలయానికి చెందినదని, శంఖచక్రాలో గరుత్మంతుడో ఉంటే విష్ణ్వాలయానికి చెందినదని చూడగానే తెలుస్తుంది. గంట మోగితే వినిపించేది నాదం మాత్రమే. ఆ నాదం ఎవరిది, ఎవరి కోసం అన్నది పిడి చెబుతుంది. అంటే అలంకారం కేవలం కంటికి ఇంపు కలిగించేది కాదు. అది ఒక మౌనమైన వాక్యం. మన అలంకారికులు 'ధ్వని' అనే పదాన్ని రెండర్థాలలో వాడుకున్నారు. లోకంలో ధ్వని అంటే చప్పుడు. కావ్యంలో ధ్వని అంటే మాటల చాటున స్ఫురించే భావం. తొమ్మిదవ శతాబ్దికి చెందిన ఆనందవర్ధనుడు ఈ రెండవ అర్థాన్ని ఆధారం చేసుకొనే 'ధ్వన్యాలోకం' రచించాడు. వాద్యంపై ఉన్న అలంకారంలో ఈ రెండు ధ్వనులూ ఒకచోట కలుసుకుంటాయి. చెవికి చప్పుడు, మనసుకు స్ఫురణ.

ఈ సత్యాన్ని గ్రహించడానికి గోదావరి తీరంలోని అడవి అంచు చక్కని పాఠశాల. ఖమ్మం నుండి బయలుదేరి కొత్తగూడెం, పాల్వంచ దాటి సారపాక వద్ద వంతెన మీదుగా భద్రాచలం చేరే దారి పొడవునా మైదానం క్రమంగా అడవిగా మారుతుంది. టేకు, తునికి, ఇప్ప, మద్ది చెట్లు దట్టమవుతాయి. ఈ ప్రాంతపు పాలనాపరమైన సరిహద్దులు అనేక మార్లు మారాయి. భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959లో తూర్పు గోదావరి జిల్లా నుండి ఖమ్మం జిల్లాలో చేరాయి. 2014లో రాష్ట్ర విభజన సమయంలో కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. పటం మీద గీతలు ఇన్నిసార్లు చెరిగి మళ్ళీ గీయబడినా, ఆ గీతలకు అటూ ఇటూ మోగే డోలు మాత్రం ఒక్కటే. అది కోయల డోలు.

కోయలు తమను తాము 'కోయితూర్' అని చెప్పుకుంటారు. వారి భాష ద్రావిడ భాషా కుటుంబానికి చెందినది, గోండీకి దగ్గరి చుట్టం. పండుగలలో, పెళ్ళిళ్ళలో, జాతరలలో వారు ప్రదర్శించే కొమ్ము నృత్యం ప్రసిద్ధమైనది. దీనిని 'పెర్మకోర్' ఆట అని కూడా అంటారు. అడవిదున్న కొమ్ము అని ఆ మాటకు అర్థం. పురుషులు అడవిదున్న కొమ్ములు అమర్చిన తలపాగాలు ధరిస్తారు. మెడలో పొడవైన స్తూపాకారపు డోళ్ళు వేసుకొని వాయిస్తూనే అడుగులు వేస్తారు. నడుమ నడుమ ఇద్దరిద్దరు ఎదురెదురుగా నిలిచి, పోట్లాడే దున్నల వలె కొమ్ములు కలుపుతారు. స్త్రీలు ఒకరి నడుము ఒకరు పట్టుకొని వరుస కట్టి 'రేల' పాటలతో అడుగు కలుపుతారు. భద్రాచలానికి దిగువన గోదావరి ఇరుకు లోయలోకి దూకే చోట ఉన్న పాపికొండలను ఆంగ్లేయులు 'బైసన్ హిల్స్' అని పిలిచారు. అంటే దున్నల కొండలు. ఆ కొండలలోని రెడ్ల జీవితంపై మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ రచించిన గ్రంథం 1945లో ఆ పేరుతోనే వెలువడింది. ఆ కొండలలో తిరిగిన జంతువే ఈ ఆటలో మనిషి తలపైకి ఎక్కింది.

దూరం నుండి చూసేవారికి ఈ కొమ్ము తలపాగాలన్నీ ఒక్క తీరుగానే కనిపిస్తాయి. రెండింటిని పక్కపక్కన పెట్టి చూసినప్పుడే తేడా తెలుస్తుంది. ఒకదానిలో కొమ్ముల వంపు విశాలంగా చాచుకొని ఉంటుంది. మరొకదానిలో కురచగా లోపలికి తిరిగి ఉంటుంది. ఒకదానిలో కొమ్ముల మధ్య నెమలి ఈకలు గుత్తిగా నిలుస్తాయి. మరొకదానిలో విసనకర్రలా విచ్చుకుంటాయి. తలపాగా చుట్టే గుడ్డ రంగు మారుతుంది. అది వీపు మీదికి జారే పొడవు మారుతుంది. అదే కొమ్మును అనుసరిస్తూ ఉత్తరంగా బస్తరు అడవులలోకి వెళితే, అక్కడి మారియాల తలపాగాకు ముఖం ముందు గవ్వల జాలరు వేలాడుతూ ఉంటుంది. కొమ్ము ఒక్కటే, జంతువు ఒక్కటే, ఆట తీరులోనూ పోలిక ఉంది. కానీ గవ్వలు చేరగానే అది మరొక తెగ సంతకమైపోయింది.

ఆ గవ్వనే మరికొంత శ్రద్ధగా గమనిస్తే మరొక విషయం తెలుస్తుంది. గవ్వ అడవిలో పుట్టేది కాదు, సముద్రంలో పుట్టేది. ఒకప్పుడు మాల్దీవుల నుండి ఓడలలో వచ్చిన గవ్వలు మన దేశంలో నాణేలుగా చెలామణి అయ్యాయి. సముద్రానికి అంత దూరాన ఉన్న కొండ మనిషి నుదుటి మీద గవ్వ వేలాడుతున్నదంటే, ఆ అడవికి, సంతకు, రేవుకు మధ్య నడిచిన వర్తకం అక్కడ వేలాడుతున్నదన్నమాట. అడవి ఏకాంతంగా, లోకానికి దూరంగా ఉండిపోయిందని చెప్పే మాటను ఆ చిన్న గవ్వ నిశ్శబ్దంగా ఖండిస్తుంది. పోల్చి చూడకపోతే ఆ ఖండన మనకు వినిపించదు.

ఇలా ఒకే రకమైన వస్తువులను పక్కపక్కన పెట్టి తేడాలు చదివే విద్యలో ప్రపంచంలో ఒక వర్గం వారు ఆరితేరారు. వారు పాత స్తూపాకారపు ఫోనోగ్రాఫ్‌లను సేకరించేవారు. గుండ్రని పళ్ళెం వంటి రికార్డులను పాడించే గ్రామఫోను మన పెద్దలకు తెలిసినదే. దానికి ముందున్నది ఫోనోగ్రాఫ్. 1877లో థామస్ ఆల్వా ఎడిసన్ దీనిని తగరపు రేకు చుట్టిన గొట్టంతో రూపొందించారు. 1888 నాటికి ఆ స్థానంలో మైనపు గొట్టం వచ్చింది. బాకాలోకి పలికిన మాట ఒక పలుచని పొరను కదిలిస్తుంది. ఆ పొరకు తగిలించిన ములుకు తిరుగుతున్న మైనపు గొట్టంపై సన్నని చాలు గీస్తుంది. ఆ చాలులోనే మళ్ళీ మరొక ములుకును నడిపిస్తే మాట తిరిగి వినిపిస్తుంది. నిమిషానికి 160 చుట్లు తిరిగే ఆ గొట్టం మొదట రెండు నిమిషాల పాటను మాత్రమే దాచుకోగలిగేది. 1908లో చాళ్ళను రెట్టింపు దగ్గరగా గీయడంతో అది నాలుగు నిమిషాలకు పెరిగింది.

లోపలి యంత్రం ఇంచుమించు ఒక్కటే అయినా, పైన వేసిన వేషాలు అనేకం. ఎడిసన్ సంస్థ 1896లో 'హోమ్' అనే నమూనాను, 1898లో 'స్టాండర్డ్', 1899లో 'జెమ్' అనే నమూనాలను తెచ్చింది. తొలినాటి 'హోమ్' పెట్టె ముందు భాగంలో, గాలికి రెపరెపలాడే పట్టీ వంటి బొమ్మలో యంత్రం పేరు రాసి ఉండేది. తరువాతి కాలంలో ఆ పట్టీ పోయి, ఎడిసన్ సంతకం వంటి అక్షరాలు మాత్రమే మిగిలాయి. నల్లని ఇనుప భాగాల అంచుల వెంట సన్నని బంగారు గీతలు, మూలల్లో తీగల మెలికలు ఉండేవి. మొదట చిన్న రేకు గొట్టంగా ఉన్న బాకా క్రమంగా పెరిగి, రేకలు విచ్చిన పువ్వు ఆకారం పొందింది. కొన్నింటి లోపలి వైపు గులాబీలు, ఆకులు చిత్రించారు. ఆ తరువాత హంస మెడ వలె పైకి వంగిన బాకా వచ్చింది. 1909లో వచ్చిన 'అంబెరోలా' నమూనాలో బాకా పూర్తిగా పెట్టె లోపలికి వెళ్ళిపోయి, యంత్రం గృహోపకరణంలా కొయ్య అలమరగా మారింది.

దేశం మారితే వేషమూ మారింది. ఫ్రాన్స్‌కు చెందిన పాథే సంస్థ తన యంత్రాలకు కోడిపుంజును గుర్తుగా పెట్టుకుంది. కోడిపుంజు ఆ దేశానికి చిహ్నం. గొంతెత్తి కూయడం దాని స్వభావం. ధ్వని యంత్రానికి అంతకన్న తగిన గుర్తు మరొకటి దొరకదు. జర్మనీలో తయారై చవకగా అమ్ముడైన 'పుక్' అనే చిన్న యంత్రాల కింది ఇనుప పీట ప్రాచీన గ్రీకు వీణ ఆకారంలో ఉండేది. కొన్నింటికి జలకన్య బొమ్మను పోతపోశారు. ఒక దేశపు పౌరాణిక కల్పన, మరొక దేశపు జాతీయ చిహ్నం, ఇంకొక దేశపు వ్యాపార సంతకం, అన్నీ ఒకే మైనపు గొట్టం చుట్టూ చేరాయి.

సేకర్తలు ఈ తేడాలను ఎంత నిశితంగా చూస్తారో గమనించదగినది. గీత వెడల్పు, అక్షరం వంపు, పలక మీది క్రమసంఖ్య, పేటెంటు తేదీల జాబితా, పెట్టె మూత కొక్కెం, ఇవన్నీ వారికి ఆధారాలే. వీటిని బట్టి ఒక యంత్రం ఏ కాలంలో తయారైందో, దాని బాకా దానితో పుట్టినదో తరువాత తెచ్చి తగిలించినదో నిర్ణయిస్తారు. వారికి ఒక కఠినమైన నియమం ఉంది. మాసిపోయిన పాత రంగును కొత్త రంగుతో కప్పకూడదు. వన్నె తగ్గినా సరే, అసలు గీత అసలు గీతే. కొత్తగా మెరుగు పెట్టిన యంత్రం ఇంటికి అందంగా ఉండవచ్చు, కానీ దాని సాక్ష్యం చెరిగిపోతుంది. ఊడిపోయిన బొమ్మ స్థానంలో కొత్తగా అచ్చువేసిన బొమ్మను అతికించడం తప్పు కాదు. అతికించిన సంగతి దాచడం తప్పు.

తెలుగు సాహిత్య విద్యార్థికి ఈ నియమం కొత్తది కాదు. తాళపత్ర గ్రంథాలను పరిష్కరించే పండితులు చేసినది ఇదే పని. ఒకే కావ్యానికి పది ప్రతులు దొరికితే, వాటిని పక్కపక్కన పెట్టి పాఠభేదాలను గుర్తిస్తారు. 1829లో వేమన పద్యాలను ప్రకటించిన సి.పి. బ్రౌన్, పండితులను నియమించి అనేక ప్రతులను సేకరింపజేసి, పోల్చి చూపించారు. మంచి పరిష్కర్త తనకు నచ్చని పాఠాన్ని కొట్టివేయడు. అడుగున పాఠాంతరంగా చూపుతాడు. ప్రతి చివర లేఖకుడు రాసుకున్న పేరు, ఊరు, తిథి వారాలను కూడా విడిచిపెట్టడు. ఫోనోగ్రాఫ్ మీది సంఖ్యా ఫలకం అటువంటి లేఖక వాక్యమే. కోయ తలపాగాలోని ఈకల అమరిక ఒక పాఠాంతరమే. పాఠాంతరాన్ని దిద్దినవాడు గ్రంథాన్ని బాగుచేశాననుకుంటాడు గాని, నిజానికి ఒక సాక్షి నోరు నొక్కుతాడు.

ఈ రెండు లోకాలు చరిత్రలో ఒకసారి ఎదురుపడ్డాయి. అప్పటి మద్రాసు ప్రభుత్వ మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్‌స్టన్, తన సహాయకుడు కె. రంగాచారి తోడ్పాటుతో రూపొందించిన దక్షిణ భారత కులాలు, తెగల వివరాల గ్రంథం 1909లో ఏడు సంపుటాలుగా వెలువడింది. దానిలో కోయలను గురించిన భాగానికి భద్రాచలం సమీపంలోని దుమ్ముగూడెంలో పనిచేసిన మిషనరీ జాన్ కెయిన్ రాతలు ఆధారంగా నిలిచాయి. ఆ సర్వే కాలంలో రంగాచారి తెగల ఛాయాచిత్రాలు తీయడమే కాక, వారి పాటలను, వాద్యాలను ఫోనోగ్రాఫ్‌పై నమోదు చేశారు. పళ్ళెం రికార్డుల గ్రామఫోను అప్పటికే వచ్చినా, అది పాడించడానికే తప్ప ఇంటివద్ద నమోదు చేయడానికి పనికిరాదు. మైనపు గొట్టం మాత్రం వినిపించగలదు, వినగలదు కూడా. అందుకే పల్లెలకు, కొండలకు వెళ్ళే పరిశోధకులు దానినే వెంట తీసుకొని వెళ్ళారు. బంగారు గీతల పెట్టె ముందు నిలిచి ఒక కొండ గాయకుడు బాకాలోకి పాడిన క్షణంలో, రెండు నాగరికతల అలంకారాలు ఒకదానినొకటి చూసుకున్నాయని భావించవచ్చు.

అయితే ఆ మైనానికి ఒక దౌర్బల్యం ఉంది. వేడికి అది మెత్తబడుతుంది. తేమకు దానిపై బూజు పట్టి చాళ్ళను తినివేస్తుంది. పాడించిన ప్రతిసారీ ములుకు కొంత అరగదీస్తుంది. గొట్టం చెక్కుచెదరకుండా ఉన్నా, దానిని తిప్పే యంత్రం లేకపోతే అది మూగదే. అద్దాల బీరువాలో ఎంత భద్రంగా ఉన్నా అది కేవలం గోధుమ రంగు మైనం. ఇక్కడే కోయల వద్ద ఉన్న మరొక వస్తువు గుర్తుకు వస్తుంది. అది పడిగె.

పడిగె త్రికోణాకారంలో ఉండే గుడ్డ పతాకం. దానిపై వేల్పులు, పూర్వీకులు, జంతువులు, గోత్ర చిహ్నాలు బొమ్మలుగా ఉంటాయి. కోయ సమాజం గట్లుగా విభజింపబడి ఉంటుంది. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అంటూ ఏడో గట్టు వరకు చెప్పుకుంటారు. ఒకే గట్టుకు చెందినవారు అన్నదమ్ముల వరుస కనుక వారి మధ్య పెళ్ళిళ్ళు జరగవు. ఏ గట్టు పడిగె ఆ గట్టుదే. బొమ్మల వరుస, వేల్పుల ఎంపిక గట్టును బట్టి మారుతాయి. పరాయివారి కంటికి ఆ తేడా కేవలం చిత్రకారుని అభిరుచిగా తోచవచ్చు. కోయవానికి మాత్రం అది తన వంశవృక్షం. ఎవరితో వియ్యమందవచ్చో, ఎవరితో కూడదో చెప్పే ధర్మశాస్త్రం. అలంకారం ఇక్కడ జీవితాన్ని శాసిస్తుంది.

ఈ పడిగెను చదవగలిగినవారు డోలి కోయలు. వారు కోయల వంశ చరిత్రకారులు, గాయకులు. వేల్పుల కొలుపు జరిగే చోట పడిగెను నిలిపి, డోలు వాయిస్తూ, ఒక్కొక్క బొమ్మను ఆధారం చేసుకొని ఆ గట్టు పుట్టుక కథను పాడుతారు. సమ్మక్క సారలమ్మల కథ, పగిడిద్దరాజు కథ మొదలైనవి ఇలా తరతరాలుగా పాటలోనే నిలిచి ఉన్నాయి. అటువంటి గాయకులలో ప్రసిద్ధులు సకిని రామచంద్రయ్య. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరం వారి ఊరు. కోయ భాషలోనూ తెలుగులోనూ ఈ వీరగాథలను వారు ఆలపించేవారు. భారత ప్రభుత్వం 2022లో ఆయనకు పద్మశ్రీ పురస్కారం ప్రకటించింది. 2024లో ఆయన కన్నుమూశారు. ఒక డోలి గాయకుడు వెళ్ళిపోయిన నాడు ఒక మనిషి మాత్రమే వెళ్ళిపోడు. పడిగె మీది బొమ్మలలో కొన్ని మూగవవుతాయి. మైనపు గొట్టానికి యంత్రం ఎటువంటిదో, పడిగెకు డోలి గాయకుడు అటువంటివాడు.

కొమ్ము తలపాగా విషయంలోనూ కాలం మార్పు తెచ్చింది. 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం అడవిదున్నకు కట్టుదిట్టమైన రక్షణ కల్పించింది. దాని కొమ్ములను కొత్తగా వేటాడి తెచ్చుకోవడానికిగాని, కొనడానికిగాని వీలులేదు. తరతరాలుగా ఇంట్లో ఉన్న కొమ్ములే మిగిలిన నిధి. అందువల్ల కొయ్యతో చెక్కిన కొమ్ములు, పెంపుడు గేదె కొమ్ములు వాటి స్థానంలోకి వస్తున్నాయి. దీనిని చూసి ఇది అసలు కాదని ముఖం తిప్పుకోవడం సబబు కాదు. దున్న బతకాలి, ఆటా బతకాలి. కొయ్య కొమ్ము ఈ రెండింటి మధ్య కుదిరిన ఒడంబడిక. నూరేళ్ళ తరువాత పోల్చి చూసేవారికి ఆ కొయ్య కొమ్మే, ఒక సమాజం తన ఆటను విడువకుండా అడవి చట్టాన్ని ఎలా గౌరవించిందో చెప్పే సాక్ష్యమవుతుంది. సేకర్తల నియమం ఇక్కడ కూడా వర్తిస్తుంది. మార్పు తప్పు కాదు, మార్పును దాచడం తప్పు.

ఆందోళన కలిగించేది వేరొకటి. సభావేదికల మీద, ఊరేగింపులలో ప్రదర్శన ఇచ్చే బృందాలన్నింటికీ ఒకే రంగు గుడ్డలు, ఒకే కొలత ఈకలు, ఒకే తీరు తలపాగాలు ఉంటే చూడముచ్చటగా ఉంటుందని నిర్వాహకులు భావించడం సహజం. చూసేవారికి అది క్రమశిక్షణగా తోస్తుంది. కానీ ఒక ఊరికి మరొక ఊరికి ఉన్న భేదం అక్కడ చెరిగిపోతుంది. పది తాళపత్ర ప్రతులను తగులబెట్టి ఒక్క అచ్చు ప్రతిని ఉంచుకోవడం వంటిదే అది. అచ్చు ప్రతి అందంగానే ఉంటుంది. అయితే తప్పు ఎక్కడ ఉందో, ఒప్పు ఎక్కడ ఉందో చూపడానికి మరొక ప్రతి మిగలదు.

ఈ వస్తువులను కాపాడే ప్రయత్నాలు జరుగుతూనే ఉన్నాయి. హైదరాబాదు మాసబ్ ట్యాంకులోని నెహ్రూ శతాబ్ది గిరిజన మ్యూజియంలోను, భద్రాచలంలో సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ ప్రాంగణంలోని మ్యూజియంలోను గిరిజనుల వాద్యాలు, ఆభరణాలు, పనిముట్లు చూడవచ్చు. ఇటువంటి చోట్లకు వెళ్ళిన విద్యార్థి అద్దం వెనుక వస్తువును చూసి, పేరు చదివి ముందుకు సాగిపోతే దక్కేది స్వల్పం. ఒకే రకమైన రెండు వస్తువుల వద్ద కాసేపు నిలబడాలి. ఈ డోలుకు కట్టిన తాడు ఆ డోలు తాడు వంటిదేనా? ఈ పడిగెలో ముందు నిలిచిన వేల్పు ఆ పడిగెలో ఎక్కడున్నాడు? ఈ ఈకల గుత్తి ఎందుకిలా ఉంది? ఇలా ప్రశ్న పుట్టిన చోటే చదువు మొదలవుతుంది. సమాధానం మాత్రం అద్దం వెనుక దొరకదు. అది ఊరిలో, ఆ వస్తువును చేసిన చేతి వద్ద, దానిని పాడిన గొంతు వద్ద దొరుకుతుంది.

ఇందుకు పెద్ద ఖర్చు అవసరం లేదు. నేడు దాదాపు ప్రతి యువకుని చేతిలోనూ మాటను, బొమ్మను కలిపి నమోదు చేయగల ఫోను ఉంది. ఒకనాడు రంగాచారి వంటివారు బరువైన పెట్టెను, విరిగిపోయే మైనపు గొట్టాలను మోయించుకొని వెళ్ళి చేసిన పనిని, ఈనాడు ఒక ఇంటర్మీడియట్ విద్యార్థి తన తాతయ్య ఇంటి అరుగు మీద కూర్చొని చేయవచ్చు. అయితే ఒక జాగ్రత్త అవసరం. పాటను ఒక్కదానినే దాచితే చాలదు. వస్తువును ఒక్కదానినే దాచితే చాలదు. పాడినవారి పేరు, ఊరు, గట్టు, పాడిన సందర్భం, వాడిన వాద్యం, ఆ వాద్యంపై ఉన్న అలంకారానికి వారు చెప్పిన అర్థం, ఇవన్నీ కలిసి ఉండాలి. వారి అనుమతి లేకుండా నమోదు చేయకూడదు. కొన్ని పాటలు వేల్పుల ఎదుట మాత్రమే పాడదగినవని వారు చెబితే, ఆ మాటను మన్నించాలి. పరుల సంపదను దాచేవానికి వినయమే మొదటి అర్హత.

ఎడిసన్ సంస్థ 1929లో గొట్టాల తయారీని పూర్తిగా ఆపివేసింది. ఆ యంత్రాల కాలం ముగిసిపోయింది. అయినా వాటి ప్రతి గీతకు లెక్క ఉంది, ప్రతి నమూనాకు పట్టిక ఉంది. ఎక్కడో ఒక ఇంట్లో పాత బాకా దొరికితే దాని పుట్టుపూర్వోత్తరాలు చెప్పగలవారు ఉన్నారు. ప్రాణం లేని యంత్రానికి అంతటి చరిత్ర రాసుకున్న లోకం ఇది. గోదావరి ఒడ్డున ఈనాటికీ మోగుతున్న డోలుకు, ఈనాటికీ ఎగురుతున్న పడిగెకు అటువంటి పట్టిక ఇంకా సంపూర్ణం కాలేదు. వస్తువు బతికి ఉండగానే, దానిని చదివేవారు మన మధ్య ఉండగానే ఆ పని జరగాలి. తేడాను గుర్తించడం వేరుచేయడానికి కాదు, గౌరవించడానికి. రెండు పడిగెల మధ్య ఉన్న భేదాన్ని ఓపికగా చదివినవానికి, వాటిని ఎగురవేసిన ఇద్దరు మనుషుల మధ్య ఉన్న బంధుత్వం కూడా అర్థమవుతుంది.